ముసలితనం, పశ్చాత్తాపం, చావు: కథలో ఇవి ఉపన్యాసంగా మారకుండా ఎలా రాయాలి? ('చిత్తుప్రతి' అనే రచయిత అడిగిన ప్రశ్న, కలంపేర్లతో నలుగురు ఇచ్చిన జవాబులు)

చిత్తుప్రతి:

పెద్దకథ ఒకటి రాస్తున్నాను. ఇప్పటికి 11,000 మాటలు అయింది. ముఖ్యపాత్ర వయసు 74. తెనాలిలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా కూర్చుని దస్తావేజులు రాసి బతికిన మనిషి. కథ జరిగేది 2019లో. 1986లో తండ్రి వీలునామా రాయకుండా చనిపోయాడు, మూడెకరాల మాగాణి ఉంది. మరుసటి ఏడాది చెల్లెలి చేత, తన వాటా వదులుకుంటున్నట్టు, హక్కు విడుదల దస్తావేజు రాయించుకున్నాడు. రాసింది ఆయన చెయ్యే. చెల్లెలు కిక్కురుమనకుండా సంతకం పెట్టి, అన్నం తిని, సాయంత్రం బస్సుకి అత్తవారి ఊరు వెళ్ళిపోయింది. ఇప్పుడాయనకి గుండె బాగా బలహీనపడింది. ఇంక నెలలే అని డాక్టరు చెప్పాడు.

చివర్లో చెల్లెలు చూడటానికి వస్తుంది. అక్కడ ఆయన ఒకటిన్నర పేజీ మాట్లాడతాడు. చదువుతుంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. తీసేస్తే మాత్రం ఆయనకి బాధ ఉందని పాఠకుడికి ఎలా తెలుస్తుంది? ఇంకో సంగతి, తొమ్మిది చోట్ల గతంలోకి వెళ్తున్నాను, ప్రతిసారీ కథ ఆగిపోతోంది. ముసలితనం అంటే తెల్లజుట్టు, కళ్ళజోడు, వణికే చేతులు తప్ప నా దగ్గర వేరే సరుకు లేదు. ఇక ఆఖరి ఘట్టం ఎక్కడ ఆపాలో తేలడం లేదు. సిద్ధాంతాలు కాకుండా పని ఎలా చెయ్యాలో చెబితే మేలు.

పాతపుటలు:

ఉపన్యాసం సంగతి ముందు చూద్దాం, మిగతా ఇబ్బందుల్లో సగం దాంట్లోంచే పుడుతున్నాయి. తన తప్పేమిటో పూర్తిగా తెలిసిపోయి, దాన్ని వరసగా చెప్పగలిగే మనిషి దగ్గర పాఠకుడికి పనేమీ మిగలదు. అంత తేటగా చెప్పగలిగినవాడు 32 ఏళ్ళు ఎందుకు చెప్పలేదన్న అనుమానం కూడా వస్తుంది. లోపల ముల్లు ఉన్న మనిషి దాని పక్కనున్న విషయాలు మాట్లాడతాడు.

ఇషిగురో 1989 నవల 'ది రిమైన్స్ ఆఫ్ ది డే'ని ఒకసారి విడిభాగాలుగా విప్పి చూడండి. 1956 జులైలో స్టీవెన్స్ అనే బట్లరు కారులో బయలుదేరతాడు. ఎన్నడో తనతో పనిచేసిన మిస్ కెంటన్‌ని కలవడానికి. అధ్యాయాలకి పేర్లు రోజుల లెక్కన ఉంటాయి: మొదటి రోజు సాయంత్రం, రెండో రోజు ఉదయం, అలా. నాలుగో రోజు మధ్యాహ్నం తర్వాత వచ్చేది ఆరో రోజు సాయంత్రం. ఐదో రోజు లేదు. నాలుగో రోజు ఆమెని కలవబోతూ ఉంటాడు. ఏం జరిగిందో ఆరో రోజు వేమౌత్ సముద్రం ఒడ్డున కూర్చుని చెబుతాడు. ఆ మధ్య రోజు ఎలా గడిచిందో పుస్తకంలో దాదాపు ఏమీ ఉండదు. ఖాళీ ఎక్కడ పెట్టాలో తెలిసిన చెయ్యి అది.

అదే నవలలో, 1923లో యజమాని ఇంట్లో సమావేశం జరుగుతున్న రాత్రి, స్టీవెన్స్ తండ్రి మేడమీద చనిపోతాడు. కొడుకు కింద అతిథులకి వైన్ పోస్తూనే ఉంటాడు. ఏడుస్తున్నానని ఆ కథకుడు ఎక్కడా చెప్పడు. ఏడుస్తున్నట్టున్నావేమని యజమాని అడిగినప్పుడే మనకి తెలుస్తుంది. పాత్ర దాచుకున్నది ఎదుటి మనిషి నోట బయటపడుతుంది. మీ కథలో ఆ పని కోడలు చెయ్యొచ్చు, మందులషాపు కుర్రాడు చెయ్యొచ్చు, బాగా దగ్గరి మనిషే కానక్కర్లేదు.

మీ చేతిలో ఇంతకన్నా గట్టి సాధనం ఒకటుంది: దస్తావేజు భాష. 'నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా' అన్న ముక్క ఆయన కొన్ని వేలసార్లు రాసి ఉంటాడు. చెల్లెలి పత్రంలోనూ రాశాడు. దీన్ని మూడుసార్లు వాడండి. మొదటిసారి మూడో పేజీలోపు, ముక్కూమొహం తెలియని ఎవరో రైతు పత్రంలో, ఆయన పని ఎలాంటిదో చూపించేటప్పుడు. రెండోసారి మనవరాలి స్కూలు ఫారం నింపుతుంటే అలవాటుగా నోటికొస్తుంది, పిల్ల నవ్వుతుంది. మూడోసారి చెల్లెలి పత్రంలో, ఆమె సంతకానికి పై వరసలో. అక్కడ రచయిత వ్యాఖ్యానం, పాత్ర ఆలోచన రెండూ వద్దు. వెంటనే మరో పనిలోకి వెళ్ళిపోండి.

ఒకటిన్నర పేజీ బదులు ఇలాంటిది ప్రయత్నించండి:

"బస్సు ఎన్నింటికి?"

"ఆరుంబావుకి ఉంది. తొమ్మిదింటికీ ఉందట."

"ఆరుంబావుదైతే సీటు దొరుకుతుంది."

ఆమె లేవలేదు. ఆయన మంచం పక్క రేకుడబ్బాలోంచి పెన్ను తీశాడు, మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"ఆ రోజు కూడా ఆరుంబావు బస్సుకే వెళ్ళాను," అందామె.

"అప్పట్లో ఆరున్నర."

ఆయన సరిచేసింది పావుగంట. కానీ ఆ బస్సు టైము 32 ఏళ్ళుగా ఆయన మోస్తున్నాడని తెలిసిపోతుంది. క్షమాపణ లేదు, కన్నీళ్ళు లేవు. ఆమెకి తెలిసిందో లేదో కూడా చెప్పనవసరం లేదు.

దస్త్రం:

చట్టం వైపు నుంచి రెండు మాటలు. ఇవి తప్పితే కథ కూలుతుంది.

ఆ మూడెకరాలు తండ్రి స్వార్జితమని ఎక్కడో ఒకచోట పడాలి. స్వార్జితమైతే 1956 హిందూ వారసత్వ చట్టం కింద భార్య, కొడుకు, కూతురు ముగ్గురికీ సమానం. చెల్లెలి వాటా సరిగ్గా ఎకరం. పిత్రార్జితమైతే కొడుకు పుట్టుకతో వచ్చిన వాటా పక్కన పెట్టి, తండ్రి వంతుకి వచ్చినదాన్నే వారసులు పంచుకోవాలి. ఆమెకి ఎకరం రాదు. కూతుళ్ళకి పుట్టుకతో హక్కు ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1986లో వచ్చింది కదా అని దాన్ని పట్టుకోకండి. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళకి అది వర్తించదు. ఆ పెళ్ళి షరతు లేకుండా హక్కు వచ్చింది 2005 కేంద్ర సవరణతో. తల్లి 1987 నాటికి బతికుందా? ఉంటే ఆమె ఎకరం సంగతి కూడా ఒక వాక్యంలో తేల్చాలి.

ఇప్పుడు అసలు చిక్కు. భూమి 2019లో ఇంకా ఆయన పేరునే ఉందనుకోండి. రేపు పొద్దున్నే గిఫ్ట్ దస్తావేజు రాసి ఎకరం ఇచ్చేయొచ్చు. దారి తెలియనివాడు కాదు, జీవితమంతా చేసిన పనే అది. పాఠకుడు ఈ ప్రశ్న వేస్తాడు, తప్పకుండా వేస్తాడు. తీర్చగలిగిన బాకీ తీర్చకుండా మంచంలో పడుకుని బాధపడేవాడిని లోభి అంటారు. పశ్చాత్తాపం గురించి రాయాలంటే తలుపు మూసి ఉండాలి, ఎలా మూసుకుందో మీకు స్పష్టంగా తెలియాలి.

మూసే మార్గాలు మూడు కనబడుతున్నాయి. భూమి ఎప్పుడో అమ్మేసి ఉండొచ్చు. ఇది సులువు, కాబట్టి చప్పగా ఉంటుంది. కొడుకు పేరున పెట్టేసి ఉండొచ్చు, వాడు ఒప్పుకోడు. అప్పుడు కథ కొడుకు మీదికి పోతుంది, ఆయన తప్పించుకుంటాడు. మూడోది, ఆయన ఇస్తానంటాడు, ఆమె పుచ్చుకోదు.

మూడోది తీసుకోండి. చట్టమే మీకు ఘట్టం కట్టి ఇస్తోంది. ఆస్తి బదిలీ చట్టం 122వ సెక్షన్ ప్రకారం దానం చెల్లాలంటే ఇచ్చేవాడు బతికుండగానే పుచ్చుకునేవాళ్ళు అంగీకరించాలి. కదలలేని రోగి కోసం సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చి రిజిస్టరు చేసే వీలు రిజిస్ట్రేషన్ చట్టం 31వ సెక్షన్లో ఉంది. అంటే సబ్ రిజిస్ట్రారు ఆయన మంచం దగ్గరికి రాగలడు. ఆయన వేలిముద్ర పడుతుంది. కాగితం ఆమె వైపు తిప్పుతారు. 1987లో ఆమె మాట్లాడకపోతే సంతకం పెట్టినట్టయింది. ఇప్పుడు మాట్లాడకుండా కాగితం వెనక్కి నెట్టేస్తే అది చెల్లదు. అదే మౌనం, ఫలితం తిరగబడింది.

ఎందుకు వద్దంటుందో ఆమె నోట చెప్పించకండి, మీకు మాత్రం తెలిసుండాలి. ఆ రోజుల్లో ఆడపిల్లలు విడుదల పత్రం మీద సంతకం పెట్టడానికి పెద్ద కారణం పుట్టింటి రాకపోకలు పోతాయన్న భయం. ఎకరం వదులుకుని గుమ్మం నిలబెట్టుకున్నాననుకుంది. ఆ గుమ్మం నిజంగా నిలబడిందా? పండక్కి పిలిచారా, పురుడు పోశారా, మొగుడు జబ్బు పడితే ఎవరైనా వెళ్ళారా? అవన్నీ సక్రమంగా జరిగుంటే మీ కథ లేదు.

ఇంకో వృత్తి వివరం. ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు తెచ్చిన కార్డ్ ప్రాజెక్టు 1998లో మొదలైంది. అప్పటికి మీ మనిషికి 53. చేతిరాతే అన్నం పెట్టినవాడికి ఆ రాత విలువ తగ్గిపోవడం మొదటి ముసలితనం. గుండె జబ్బు రెండోది.

మూడోచదువు:

పాతపుటలు గారి సంభాషణ బాగుంది. అయితే 'చెప్పకూడదు, చూపించాలి' అన్నది శాసనంగా పట్టుకోవద్దు. టాల్‌స్టాయ్ 'ఇవాన్ ఇల్యిచ్ మరణం' (1886) చూడండి. నా బతుకంతా తప్పుగా గడిచిందేమోనన్న ప్రశ్న పదకొండో అధ్యాయంలో నేరుగా, సాదా మాటల్లో వస్తుంది. ఇషిగురో బట్లరు కూడా చివర్లో గుండె పగిలిందని ఒక్క వాక్యంలో ఒప్పుకుంటాడు. రెండుచోట్లా అది పనిచేసింది. అంతకుముందు వందల వాక్యాలు దాన్ని తప్పించుకుంటూ వచ్చాయి, అందుకు.

కాబట్టి లెక్క పెట్టుకోండి. 11,000 మాటల కథలో సూటి వాక్యం ఒక్కటి, పది మాటలకి మించకుండా, ఎనిమిది వేల మాటలు దాటాక. ఎవరితో అంటాడన్నది కూడా ముఖ్యం. చెల్లెలితో అంటే బేరంలా వినబడుతుంది, ఎదురు ఏదో ఆశిస్తున్నట్టు. ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ ఏమీ లేని మనిషితో అననివ్వండి. టాల్‌స్టాయ్ కథలో పనివాడు గెరాసిం ఉన్నది అందుకే: రోగి కాళ్ళు భుజాల మీద పెట్టుకుని కూర్చుంటాడు, అబద్ధం ఆడడు, అంతే. పెళ్ళాం, డాక్టర్లు, స్నేహితులు అందరూ తగ్గిపోతుందని నటిస్తుంటే ఆ ఒక్కడి దగ్గర ఊపిరాడుతుంది.

ఆ కథ మొదలుపెట్టిన తీరు కూడా గమనించండి. చనిపోయాడన్న వార్తతోనే మొదలవుతుంది. కోర్టులో తోటి ఉద్యోగులు పేపర్లో చదివి, ఆ ఖాళీలోకి ఎవరు వస్తారో లెక్కలు వేసుకుంటారు. చావు ముందే చెప్పేశాడు గనక పోతాడా లేదా అన్న ఉత్కంఠ పోయింది, ఎలా బతికాడన్నది మిగిలింది. మీ కథలోనూ డాక్టరు గడువు చెప్పిన ఘట్టం మొదటి పేజీకి తెస్తే చాలా బరువు దిగుతుంది.

రాత్రిడ్యూటీ:

శరీరం గురించి అడిగారు. తెల్లజుట్టు, కళ్ళజోడు వర్ణనలు. మీక్కావలసింది ఆ శరీరంతో చేసే పనులు. ఒంట్లో ఏది తగ్గితే రోజువారీ పని ఏది మారుతుందో చూడాలి.

గుండె నీరసించిన రోగిని డాక్టర్లు మామూలుగా అడిగే ప్రశ్న ఒకటుంది: ఎన్ని దిండ్ల మీద పడుకుంటున్నారు? పడుకుంటే నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం వస్తుంది, అందుకని తల ఎత్తు పెంచుకుంటూ పోతారు. కథ మొదట్లో రెండు దిండ్లు. మధ్యలో మూడు, అందులో ఒకటి కోడలి గది నుంచి అడిగి తెచ్చుకున్నది. ఆ తర్వాత రాత్రంతా కుర్చీలోనే కునుకు. జబ్బు ముదిరిందని వేరే చెప్పనక్కర్లేదు, దిండ్లు చెబుతాయి. రాత్రి ఒకటి రెండింటికి ఊపిరాడక దిగ్గున లేచి కూర్చోవడం, కిటికీ తీయమనడం కూడా ఈ జబ్బు లక్షణమే. మీరు గతంలోకి వెళ్ళదలిస్తే ఆ వేళ అనువైనది.

పాదాలు వాస్తాయి. బొటనవేలితో చీలమండ దగ్గర నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటుంది. ఆయన వేలిముద్రలు వేయించి బతికిన మనిషి, ఈ గుంటని ఊరికే పోనివ్వకండి. సాయంత్రానికి చెప్పులు పట్టవు. నీరు లాగే మాత్ర పొద్దున వేసుకుంటారు, తర్వాత రెండు మూడు గంటలు బాత్‌రూముకి దగ్గరలోనే ఉండాలి. అందుకని పొద్దున బయటి పని ఏదీ ఒప్పుకోడు, కారణం చెప్పడానికి మొహమాటం. ఉప్పు తగ్గించాలి, నీళ్ళు కొలిచి తాగాలి, లీటరో లీటరున్నరో డాక్టరు చెప్పినంత. వేసవిలో సీసా మీద గీత చూసుకుని తాగే మనిషి, ఆవకాయ జాడీ ఇంట్లోనే ఉంటుంది.

వణుకు గురించి జాగ్రత్త. వణుకుల్లో రకాలున్నాయి, రాత మీద వేరేవేరుగా పడతాయి. వయసుతో వచ్చే మామూలు వణుకు చెయ్యి పనిలో ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. పెన్ను పట్టగానే అక్షరాలు పెద్దవై అలలు అలలుగా పోతాయి, ఒళ్ళో పెట్టుకున్న చెయ్యి మాత్రం కదలదు. పార్కిన్సన్స్ అయితే తిరగేసిన బొమ్మ: ఖాళీగా ఉన్న చెయ్యి వణుకుతుంది, రాస్తుంటే వరస చివరికొచ్చేసరికి అక్షరాలు చీమల్లా చిన్నవైపోతాయి. దస్తావేజు లేఖరి గనక ఏదో ఒకటి తేల్చుకోండి. రెండూ కలిపితే తెలిసినవాళ్ళు అక్కడే పుస్తకం మూసేస్తారు.

చెవి తగ్గినప్పుడు మొదట పోయేవి సన్నని ధ్వనులు. స, ష, ఫ లాంటివి జారిపోతాయి. మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. మగగొంతు కన్నా ఆడగొంతు, పిల్లల గొంతు కష్టం. గట్టిగా అరిస్తే విసుక్కుంటారు, ఎందుకంటే శబ్దం చాలు, స్పష్టత లేదు. చెల్లెలు చెప్పిన ఒక ముఖ్యమైన మాట ఆయనకి సగమే వినబడొచ్చు. మళ్ళీ చెప్పమని అడుగుతాడా, తలూపి ఊరుకుంటాడా అన్నది మీ చేతిలో ఉంది.

ముంజేతుల మీద చర్మం పల్చబడి, చిన్న దెబ్బకే ఊదారంగు మచ్చలు పడతాయి. రక్తం పల్చబరిచే మందు వాడుతుంటే ఇంకా ఎక్కువ. కుర్చీలోంచి లేవాలంటే ముందుకి జరిగి, రెండు చేతులూ మోపి, ఒక్కక్షణం నిలబడి కళ్ళు తిరగలేదని రూఢి చేసుకుని అడుగేస్తారు. గేటు తీయడానికి వెళ్ళే ఒక్క వాక్యంలో ఇదంతా ఇమిడిపోవాలి, జాబితాగా రాకూడదు. పేజీకి ఒక్కటి చాలు.

చిత్తుప్రతి:

అందరికీ ధన్యవాదాలు. చెల్లెలు పుచ్చుకోకపోవడం అన్నది కథని మొత్తం తిప్పేసింది. సబ్ రిజిస్ట్రారు ఇంటికి వచ్చే ఘట్టమే ఇప్పుడు నడుమ నిలబడుతుంది. రెండు ప్రశ్నలు మిగిలాయి. తొమ్మిది జ్ఞాపకాల్లో ఏవి ఉంచాలి? చావు చూపించాలా, వద్దా? దింపుడు కళ్ళం దాకా రాసి పెట్టుకున్నాను.

పాతపుటలు:

జ్ఞాపకాలు ముందు. తొమ్మిదింటినీ విడివిడి కాగితాల మీద ఒక్కో వాక్యంగా రాయండి. ప్రతిదానికీ ఎదురుగా 'ఆయన ఏం చేశాడు' లేక 'ఏం చెయ్యకుండా ఊరుకున్నాడు' అని రాయండి. ఏదీ రాయలేనివి, అంటే ఊరి చెరువు, అమ్మ వంట, తిరునాళ్ళ లాంటివి, తీసేయండి. అవి వాతావరణం. మిగిలినవాటిలో చెయ్యకుండా ఊరుకున్నవాటికి పెద్దపీట వెయ్యండి. పశ్చాత్తాపం మీద గిలోవిచ్, మెడ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990ల్లో చేసిన పరిశోధన చెప్పేది కూడా ఇదే: చేసిన తప్పు మొదట్లో ఎక్కువ మంటపెడుతుంది, కాలం గడిచేకొద్దీ చెయ్యకుండా వదిలేసినవి బరువెక్కుతాయి. చేసినదానికి మనిషి సర్దుబాటు చెప్పుకోగలడు. చెయ్యనిదానికి హద్దు ఉండదు, ఊహ సాగుతూ పోతుంది.

మీ కథలో పత్రం రాయించుకోవడం చేసినది. ఆయన దానికి వెయ్యి సమర్థనలు చెప్పుకుని ఉంటాడు: చట్టప్రకారమే, ఆమే ఒప్పుకుంది, పెళ్ళికి కట్నం ఇచ్చాం. సమర్థన లేనిది ఇంకోటి కావాలి. దస్త్రం గారు అడిగిన ప్రశ్నల్లోనే ఉంది. ఆమె భర్త ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఉత్తరం వచ్చింది, ఈయన జవాబు రాయలేదు. రాతే వృత్తి అయినవాడు ఒక్క కార్డు రాయలేదు. పాఠకుడు ఎకరం మర్చిపోతాడు, ఈ కార్డు మర్చిపోడు.

మూడు జ్ఞాపకాలు సరిపోతాయి. దేనికీ 'ఆయనకి ఆ రోజు గుర్తొచ్చింది' అన్న గుమ్మం కట్టకండి. కేథరిన్ ఆన్ పోర్టర్ కథ ఒకటుంది, 'ది జిల్టింగ్ ఆఫ్ గ్రానీ వెదరాల్'. ఎనభైకి చేరువైన ముసలమ్మ మరణశయ్య మీద ఉంటుంది, అరవై ఏళ్ళ కిందట పెళ్ళి రోజున రాకుండా పోయిన పెళ్ళికొడుకు మనసులో మెదులుతుంటాడు. గదిలో ఉన్న కూతురు, డాక్టరు, ఎప్పటి మనుషులో అందరూ ఒకే పేరాలో కలిసిపోతారు. అతుకు కనబడదు, ఎందుకంటే ప్రతి మార్పుకీ గదిలోని ఏదో ఒక వెలుగో, స్పర్శో ఆధారం. మీకు ఆయాసం ఉంది, దిండు ఉంది, పాదం మీద గుంట ఉంది. జ్ఞాపకం లోపలికి దిగేది వాటిమీదుగా, పైకి వచ్చేది కూడా వాటిమీదుగానే. ఒక్కో జ్ఞాపకం 250 మాటలు దాటితే అది వేరే కథ అయిపోతుంది.

తెలుగులో ఇంకో చిక్కుంది. ఇప్పటి మనిషిని 'ఆయన' అంటూ, 1987 మనిషిని 'అతను' అంటే ఇద్దరు మనుషులైపోతారు, పాతవాడి తప్పు ఇప్పటివాడికి అంటదు. అంతటా 'ఆయన' అనే ఉంచండి. నలభై రెండేళ్ళవాడిని గౌరవంగా సంబోధిస్తుంటే వచ్చే ఇరుకు మీకు మేలే చేస్తుంది.

చావు గురించి నా అభిప్రాయం: చూపించొద్దు. చెహోవ్ 1889లో, 29 ఏళ్ళ వయసులో, 62 ఏళ్ళ ప్రొఫెసరు నోట చెప్పించిన 'ఎ డ్రియరీ స్టోరీ' చదవండి. వైద్యం తెలిసినవాడు గనక తనకి ఆర్నెల్లకి మించి లేదని ఆయనకే తెలుసు. తను పెంచిన కాత్యా చివర్లో హోటలు గదికి వచ్చి, నేనేం చెయ్యను, చెప్పమని ఏడుస్తుంది. లోకమంతా మహాపండితుడనుకునే మనిషి దగ్గర జవాబు లేదు. పద, ఏదైనా తిందాం అంటాడు. ఆమె వెళ్ళిపోతుంది. చావు కథ బయటే ఉండిపోయింది.

రాత్రిడ్యూటీ:

చూపించకపోయినా రచయితకి తెలిసుండాలి, లేకపోతే దాని ముందరి రోజులు తప్పుగా వస్తాయి. ఆఖరి రోజుల్లో తిండి, నీళ్ళు వాటంతటవే తగ్గిపోతాయి, నిద్ర పెరుగుతుంది. పాదాలు, మోకాళ్ళు చల్లబడి నీలిమచ్చలు తేలతాయి. ఊపిరి లోతుగా, వేగంగా సాగి, కొన్ని సెకన్లు పూర్తిగా ఆగి, మళ్ళీ మొదలవుతుంది. గొంతులో గరగర వస్తుంది. చూసేవాళ్ళు హడలిపోతారు గానీ రోగికి సాధారణంగా అది తెలిసే స్థితి ఉండదు. ఎగశ్వాస మొదలయ్యాక పొడుగు వాక్యాలు రావు. అంటే ఆఖరి క్షణంలో చెప్పే మాటలన్నీ సినిమా సరుకు. చెప్పగలిగిన రోజులు అంతకు వారం పది రోజుల ముందే అయిపోతాయి. సబ్ రిజిస్ట్రారు వచ్చే ఘట్టం ఆ హద్దుకి ఇవతల పెట్టండి. మనిషికి తెలివి సరిగ్గా ఉందో లేదో ఆ అధికారి కూడా చూస్తాడు.

తులసితీర్థం పోసేటప్పుడు మింగే శక్తి ఉండదు. నీళ్ళు పెదవి మూలనుంచి దిండు మీదికి జారతాయి. ఎక్కువ పోస్తే పొలమారుతుంది. తెలిసినవాళ్ళు దూది తడిపి పెదవులు అద్దుతారు. ఎవరు పోస్తున్నారు, ఎవరు దూది అందుకున్నారు అన్న తేడాతో ఒక మనిషి స్వభావం మొత్తం చూపించొచ్చు.

మూడోచదువు:

టాల్‌స్టాయ్ ఇదే గ్రహించాడు. ఇవాన్ ఇల్యిచ్ చివర్లో క్షమించమని అనబోతే నోరు తిరగక వేరే మాట వస్తుంది. సరిదిద్దే ఓపిక లేదు, చేత్తో విదిలించేస్తాడు. అర్థం కావలసినవాడికి అవుతుందిలే అనుకుంటాడు. నోరు సహకరించకపోవడమే అక్కడ ఘట్టానికి ప్రాణం పోసింది.

దింపుడు కళ్ళం తీసేయమనే నా సలహా. శవాన్ని దారిలో దించి చెవి దగ్గర మూడుసార్లు పేరు పెట్టి పిలిచే ఆచారం తెలుగు పాఠకుడికి ఎంత తెలుసంటే, ఆ మాట రాయగానే కళ్ళు వాటంతటవే తడుస్తాయి. ఆ తడి మీ కథ సంపాదించింది కాదు. పైగా చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు గుమ్మం దాకానే వస్తారు. ఈ కథ ఆయనదీ చెల్లెలిదీ అయినప్పుడు, ఆమె లేని చోట ముగిస్తే కొడుకు చేతికి పోతుంది.

దస్త్రం:

ముగింపు సబ్ రిజిస్ట్రారు ఘట్టానికి కాస్త తర్వాత. కాగితం చెల్లలేదు, ఆ అధికారి వెళ్ళిపోయాడు, ఆమె బస్సుకి ఇంకా టైముంది. పాతపుటలు గారి ఆరున్నర బస్సు సంభాషణ అక్కడికి జరపండి, అది అయ్యాక నాలుగైదు వాక్యాలకి మించి రాయకండి.

క్రమం కోసం: సబ్ రిజిస్ట్రారు రావాలంటే ముందు దరఖాస్తు, డాక్టరు సర్టిఫికెట్, ఫీజు ఉంటాయి. పత్రం ముందే తయారై ఉంటుంది. ఈసారి టైపు చేసినది, వేరే ఎవరో రాసినది. ఆయన తన పత్రాన్ని తనే కళ్ళజోడు పెట్టుకుని చదివి తప్పులు దిద్దుతాడు, సరిహద్దుల్లో తూర్పు పడమర తారుమారయ్యాయని పట్టుకుంటాడు. ఇద్దరు సాక్షులు కావాలి. 1987 పత్రం మీద సాక్షిగా ఉన్నవాళ్ళలో ఒకరు బతికుంటే పిలిపించండి.

చెల్లెలి వయసు ఎక్కడా రాయలేదు. ఆమెకీ 65కి తక్కువ ఉండదు. మీ చిత్తులో వసారా మెట్లు గబగబా ఎక్కి వస్తోందేమో చూసుకోండి, ఆమె మోకాళ్ళు కూడా ముసలివే.